తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ

2000వ సంవత్సరం ఫిబ్రవరి పదకొండో తారీఖు, శుక్రవారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు. సింగపూర్లో ఒక చైనా హోటల్ పై అంతస్తు గదిలో, గుండ్రటి బల్ల పక్కన, చేతిలో ఎనిమిది అట్టముక్కలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో చెప్పే కార్డులవి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు అచ్చేసి ఉంది. ఆ ఎనిమిదిట్లో ఒక్క పేరు కూడా నాకు చదవడం రాదు.

అప్పటికి నాకు యాభై ఏడేళ్ళు. మాట్లాడ్డం ఐదు భాషల్లో వచ్చు. తెలుగు, తమిళం, మలాయ్, ఇక్కడి చైనావాళ్ళ హొక్కియెన్, పని జరిగేటంత ఇంగ్లీషు. అక్షరం మాత్రం ఒక్క భాషలోనూ రాదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లల కోసం, పెద్దవాళ్ళతో భోజనానికి వెళ్ళినప్పుడు ఎలా మసులుకోవాలో రాసిమ్మని మన పత్రికవాళ్ళు అడిగారు. ఫోర్కు ఎడంచేతికా కుడిచేతికా అన్నది మీ ఫోన్లోనే దొరుకుతుంది, దానికి నేనెందుకు? నేను చేసిన తప్పొకటి రాస్తాను. అందులోంచి మీకు పనికొచ్చేది ఉంటే తీసుకోండి. పేర్లు మాత్రం ఇప్పుడే చెప్పను. ఆఖర్న అందరివీ ఒకేసారి చెబుతాను.

మా తాత విజయనగరం వైపు నుంచి మలాయా రబ్బరు తోటలకి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టాను. ఇంటికి పెద్దపిల్లని కదా, తమ్ముళ్ళు బడికెళితే నేను చంటిపిల్లని చంకనేసుకుని ఇంట్లో ఉన్నాను. తర్వాత ఒక చైనా హోటల్లో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. మొదట్లో గిన్నెలు కడిగాను, పోను పోను బల్లల దగ్గరికి వంటకాలు మోశాను. ఏ బల్లకి ఏది అన్నది ఎవరూ నాకు కాగితం మీద రాసివ్వలేదు, నేనూ అడగలేదు. పన్నెండు బల్లలు, ఒక్కోదానికి ఎనిమిది వంటకాలు, అన్నీ బుర్రలోనే. ఆ హోటలు మూతపడ్డాక రాఫెల్స్ ప్లేస్‌లో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో టీ, కాఫీ కలిపే పనికి కుదిరాను.

పెద్ద పెద్ద బ్యాంకు మేడల వెనకసందులో పాత బిల్డింగు, తొమ్మిదో అంతస్తు. నాతో కలిపి పదకొండు మందిమి. మేనేజరు హైదరాబాదు ముస్లిం. నేను సాబు అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు. సెక్రటరీ ఇక్కడి చైనా అమ్మాయి. మిగతావాళ్ళు దాదాపు అందరూ మన తెలుగు పిల్లలే.

2000 రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడ్డ రోజులు అవి. ఆ భయం మీదే మా ఆఫీసు రెండేళ్ళు బతికింది. జనవరి ఒకటి వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. మా పని ఆగిపోయింది.

సాబు అందర్నీ పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. "కొత్త పని దొరకకుంటే మార్చి ఆఖరుకు తాళం వేసుడే."

అందరికన్నా చిన్నవాడు నెల్లూరబ్బాయి. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే వాడి పాసు పోతుంది, పాసు పోతే దేశం వదిలి వెళ్ళాలి. పెళ్ళయి నాలుగు నెలలు. ఏప్రిల్లో భార్యని తెచ్చుకుందామని క్లెమెంటీలో గది కూడా మాట్లాడుకున్నాడు. ఆ రోజు పాంట్రీలోకి వచ్చి నేనిచ్చిన టీ చల్లారిపోయేదాకా చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నా సంగతా? చదువురాని యాభై ఏడేళ్ళ మనిషికి ఇంకో ఆఫీసు ఎక్కడ దొరుకుతుంది?

మిగిలిన ఆశ ఒక్కటే. ఒక ముసలి తౌకే. ఇక్కడ చైనా యజమానుల్ని అలాగే అంటాం. ఓడలకి, జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలకి తాళ్ళు, రంగులు, బియ్యం, సబ్బులు అన్నీ సరఫరా చేసే ఆసామి. మూడు గోడౌన్లు. వాటిల్లో ఏముందో ఏది అయిపోయిందో చెప్పే కంప్యూటర్ పని ఎవరికివ్వాలా అని చూస్తున్నాడు. మా వాళ్ళ లెక్క నచ్చింది, పని నచ్చింది. కానీ ఆయనకొక పట్టింపు ఉంది. "నాతో కూర్చుని తినని మనిషితో నేను పని పెట్టుకోను" అన్నాడట.

సరే, భోజనం పెడదామని సాబు హలాల్ చైనా హోటల్లో గది తీసుకున్నాడు. చైనా కొత్త సంవత్సరం మొదలైన ఏడో రోజు. తీసుకున్నాడు గానీ మనసులో గుబులు. ఎందుకంటే అంతకు ముందు ఏడు ఇంకో కంపెనీ పెద్దలతో భోజనానికి వెళ్ళినప్పుడు మా నెల్లూరబ్బాయి కడుపునిండా తిని, తృప్తిగా వెనక్కి వాలి, గ్లాసులో ఐస్ నీళ్ళు కంచంలో ఒంపుకుని అక్కడే చెయ్యి కడిగేశాడు. ఎదురుగా కూర్చున్న దొరసాని ఆ కంచాన్నే చూస్తూ ఉండిపోయిందట.

"మా ఇంట్లో అట్లనే కడుగుతామాంటీ" అన్నాడు నాతో.

"మా ఇంట్లోనూ అంతే. అది మన ఇల్లు కాదు."

ఇది తెలిసిన సాబు పాంట్రీలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "అమ్మా, నువ్వు చైనా హోటల్లో చేసినవ్ కదా. ఈ పోరగాళ్ళకు జర నేర్పు. వారం ఉంది."

రోజూ నాలుగింటికి అరగంట పాఠం. నేర్చుకునేవాళ్ళు ఇద్దరు. నెల్లూరబ్బాయి, వాడి పైన పనిచేసే గుంటూరమ్మాయి. వేరుశెనగ గుళ్ళు ఒక కప్పులో పోసి, చైనావాళ్ళు తినే పుల్లలతో ఒక్కోటీ తీసి ఇంకో కప్పులో వెయ్యమన్నాను. మొదటి రోజు గుళ్ళన్నీ పాంట్రీ నేల మీదే ఉన్నాయి. రెండో రోజు వాడు రెండు పుల్లలతో గుచ్చి తీయబోయాడు.

"అదేటి, చేపల్ని పొడుస్తున్నావా?"

"ఏందాంటీ ఇది, చెయ్యి ఉండగా ఈ పుల్లలేంది? దేవుడు ఐదు వేళ్ళిచ్చె."

"దేవుడు తౌకేకి కూడా ఐదు వేళ్ళే ఇచ్చాడు నాయనా. ఆయన కాంట్రాక్టు ఇస్తాడు, నువ్వు పుచ్చుకుంటావు. అందుకని పుల్లలు నువ్వు నేర్చుకుంటావు."

పుల్లలు అన్నంలో నిలబెట్టకండి, అది చచ్చిపోయినవాళ్ళకి అగరొత్తులు గుచ్చినట్టు. చేప ఒక పక్క అయిపోతే తిరగెయ్యకండి, పడవ తిరగబడ్డట్టని వాళ్ళ బాధ. ఈ తౌకే బతుకంతా ఓడలే, ఆయన ముందు అసలొద్దు. టీ పోస్తే ముందు పక్కవాడికి, ఆఖర్న మీకు. మీకెవరైనా పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద టక్‌టక్‌మని కొట్టండి, అది దండం పెట్టినట్టు.

గుంటూరమ్మాయికి అన్నీ ఒక్కసారికే వచ్చేశాయి. ఒక్క జబ్బు మాత్రం పోలేదు. మొహమాటం. నేను బిస్కెట్టు ఇస్తే "వద్దాంటీ" అంటుంది. ఇంకోసారి ఇస్తే "పర్లేదాంటీ" అంటుంది. మూడోసారి ఇవ్వకపోతే మధ్యాహ్నమంతా ఆ బిస్కెట్టు డబ్బా వైపే చూస్తుంది.

"చూడమ్మా, మన వాళ్ళు మూడుసార్లు అడుగుతారని నీకు తెలుసు. నువ్వు మూడోసారికి తీసుకుంటావని మన వాళ్ళకి తెలుసు. అక్కడ అలా కాదు. ఒకసారి అడిగితే తీసుకో, కూర్చోమంటే కూర్చో. బల్ల మీద పేరున్న కార్డు ఉంటుంది. అదెక్కడుంటే అక్కడికెళ్ళి కూర్చోవడమే. 'మీరు కూర్చోండి, అయ్యో మీరు కూర్చోండి' అని బల్ల చుట్టూ తిరక్కండి."

ఈ ఆఖరు మాట నెల్లూరబ్బాయి బాగా పట్టుకున్నాడు. అంత బాగా పట్టుకోకుండా ఉంటే బాగుండేదని వారం తర్వాత అనిపించింది.

"ఇంకోటి. తౌకే తన పుల్లలతోనే మంచి ముక్క తీసి నీ ప్లేటులో పెట్టొచ్చు. అది పెద్ద గౌరవం."

"ఆయన నోట్లో పెట్టుకున్న పుల్లలతోనా? ఎంగిలి కదాంటీ!"

"ఎంగిలే. తిను."

"ముందు పచ్చి చేప అంటిరి, ఇప్పుడు ఎంగిలి అంటిరి. ఇంకా ఏమేముండాయో ఒక్కసారే చెప్పెయ్యండాంటీ."

"పచ్చి చేప కాయితమంత పల్చగా ఉంటుంది. నెల్లూరువాడివి, చేపకి భయపడతావా?"

"ఉడికిన చేపకి భయపడనాంటీ."

ఇంత నేర్పిన నాకు చదవడం రాదని ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఎవరైనా కాగితమిస్తే "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, నువ్వే చదువు" అనేదాన్ని. అసలు నాకు కళ్ళజోడే లేదు. కప్పులు రంగుల్ని బట్టి, పంచదార డబ్బాలు మూతల్ని బట్టి. ఊళ్ళో ఎక్కడికైనా బస్సులో వెళ్ళాలంటే నంబరు గుర్తు. తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో అయితే మరీ సుఖం. కుర్చీ ముందు టిష్యూ ప్యాకెట్టు పడేస్తే ఆ చోటు నీది, చోప్ చేశావన్నమాట. దానికి చదువక్కర్లేదు. కోటీశ్వరుడైనా ఆ ప్యాకెట్టు జరిపి కూర్చోడు. పెద్ద హోటళ్ళవాళ్ళకే అట్టముక్కలు, వాటి మీద అక్షరాలు కావాల్సొచ్చాయి.

శుక్రవారం సాయంత్రం సాబు నన్ను కూడా హోటలుకి రమ్మన్నాడు. తినడానికి కాదు, వెనకాల నిలబడి పిల్లల్ని ఒక కంట కనిపెట్టడానికి. పాంట్రీ ఏప్రన్ మీదే వెళ్ళాను. సెక్రటరీ అమ్మాయి బల్ల సర్దుతోంది. ఇంతలో తౌకే కారు ముందే వచ్చేసిందని కింద నుంచి ఫోను.

ఆ పిల్ల కార్డుల కట్ట నా చేతిలో పెట్టింది. "ఆంటీ, వరసలోనే పెట్టాను. తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ తౌకేది. అక్కడ మొదలుపెట్టి గడియారం తిరిగే వైపు ఒక్కోటీ పెట్టుకుంటూ పోండి. ఈజీ లా!" అని పరిగెత్తింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. వరసలో ఉన్నాయి కదా, ఇంక చదవడమెందుకు? చైనా విందులో తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీయే అన్నిటికన్నా పెద్దది, తలుపుకి వీపు పెట్టేది అన్నిటికన్నా చిన్నది. ఇది నాకు కొత్త కాదు. తలుపు చూశాను, దానికి ఎదురుగా ఉన్న కుర్చీ చూశాను, మొదటి కార్డు పెట్టాను. ఒకటి, రెండు, మూడు, అలా ఎనిమిదీ. తిన్నగా నిలబెట్టాను. గుడ్డలు సర్దాను. రెండడుగులు వెనక్కేసి చూసుకున్నాను. నాకే ముచ్చటేసింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది, నా వెనక నుంచి.

ఆ గదికి రెండు తలుపులున్నాయి. ఒకటి తివాచీ పరిచిన పెద్ద తలుపు, అతిథులు వచ్చేది. రెండోది దానికి సరిగ్గా ఎదురుగా, గోడ రంగులోనే ఉన్న చిన్న తలుపు, వంటింట్లోంచి వచ్చేది. ఇరవై రెండేళ్ళు నేను ప్రతి గదిలోకీ ఆ చిన్న తలుపు లోంచే వచ్చాను. చేతుల్లో పళ్ళేలు, భుజంతో నెట్టుకుంటూ. ఆ రోజు కూడా అందులోంచే వచ్చాను. తలుపు అంటే నా బుర్రకి తోచింది అదొక్కటే.

తౌకేని అతిథుల తలుపుకి వీపు పెట్టించి, అన్నిటికన్నా చిన్న కుర్చీలో వేశాను. మరి అన్నిటికన్నా పెద్ద కుర్చీలో ఎవరు? సరిగ్గా ఎదురుగా పడాల్సిన ఐదో కార్డు. నెల్లూరబ్బాయి.

మార్చేద్దామంటే తౌకేది తప్ప ఏ కార్డు ఎవరిదో తెలియదు, వరస మొత్తం తిప్పడానికి వేళ లేదు.

అందరూ లోపలికి వచ్చేశారు. తౌకే, లెక్కలు చూసే ఆయన కూతురు, గోడౌన్లు చూసే మలాయ్ పెద్దాయన, వాళ్ళ వెనక మా వాళ్ళు. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుంటున్నారు. నెల్లూరబ్బాయి బల్ల చుట్టూ ఒక్క చూపు చూశాడు, తన కార్డు కనపడింది, తిన్నగా వెళ్ళి గదికి పెద్దకుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొహమాటం లేదు, అటూ ఇటూ చూడలేదు. నేర్పించిన నన్ను చూసి చిన్నగా తలాడించాడు కూడా.

తౌకే తన కార్డు ముందు నిలబడిపోయాడు. కూతురు పెదాలు బిగించింది. సాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. గుంటూరమ్మాయి పళ్ళ మధ్య నుంచి, "రేయ్, లెయ్" అంది. వాడు లేచాడు. ఎందుకు లేవాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఏం చెయ్యాలన్నట్టు నా వైపు చూశాడు.

సాబు గొంతు తగ్గించి సెక్రటరీని అడిగాడు. "ఏంటిది? ఇది ఎవరు పెట్టారు?"

"నేను వరసలోనే ఇచ్చాను సర్, వరసలోనే..." ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగిపోయాయి.

నిజం చెప్పాలంటే ఒక క్షణం ఊరుకుందామనిపించింది. తప్పు ఆ పిల్ల మీద పడి పోతుంది, నా గుట్టు నాకుంటుంది. ఎన్నేళ్ళ గుట్టు అది! కానీ ఆ పిల్ల ఏడుస్తూ కూడా నా వైపు వేలు చూపించలేదు. పెద్దదాన్నని ఊరుకుంది. ఇంక నా వల్ల కాలేదు.

ముందుకొచ్చి మలాయ్‌లో తౌకేతోనే చెప్పాను. బజార్లో అందరం మాట్లాడుకునే మలాయ్, ఆయనకీ నాకూ వచ్చినది.

"తౌకే, ఆ పిల్ల తప్పు లేదు, మా సాబు తప్పూ లేదు. కార్డులు పెట్టింది నేను. నాకు చదవడం రాదు. తలుపుకి ఎదురుగా పెట్టమంటే పెట్టాను. ఇదిగో, ఈ తలుపుకి." వంటింటి తలుపు చూపించాను. "ఇరవై రెండేళ్ళు నేను వచ్చిన తలుపు ఇదే. ఇంకో తలుపు ఉంటుందని తోచలేదు."

తౌకే తల తిప్పి చిన్న తలుపు చూశాడు. మళ్ళీ వెనక్కి తిరిగి పెద్ద తలుపు చూశాడు. 

"ఏ హోటల్లో చేశావు?" అన్నాడు.

చెప్పాను.

"పీత వేపుడు బాగుండేది అక్కడ."

"బాగుండేది తౌకే. ఆ వంటాయన పోయాక పాడైపోయింది. ఆఖర్లో తిన్నవాళ్ళకి డబ్బు దండగ."

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. నవ్వుతూనే ఆ చిన్నకుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సాబు పరిగెత్తుకొచ్చాడు. "సర్, ప్లీజ్, అటు, అటు." కూతురు లేచింది, నెల్లూరబ్బాయి మళ్ళీ లేచాడు. అందరూ ఒకరికొకరు కుర్చీలు చూపించుకోవడం మొదలెట్టారు. నేను ఏది వద్దని వారం రోజులు గొంతు చించుకున్నానో సరిగ్గా అదే.

తౌకే చెయ్యెత్తాడు. "ఈ రోజేంటి? ఏడో రోజు. అందరి పుట్టినరోజు." ఇది వాళ్ళ నమ్మకం. కొత్త సంవత్సరం ఏడో రోజున మనుషులందరికీ ఒకేసారి ఒక ఏడు నిండుతుందని. "అందరం ఇవాళే పుట్టాం. మరి పెద్దెవడు, చిన్నెవడు? పైగా వంటింటి తలుపు నాకెదురుగా ఉంది. ఏ వంటకం వస్తోందో అందరికన్నా ముందు నాకే కనపడుతుంది. నేను కదలను."

ఇంక ఎవరూ కదల్లేదు. ఆయన పక్కన ఎనిమిదో కుర్చీ ఒక్కటే ఖాళీ. అల్లుడిది. జకార్తాలో విమానం ఆలస్యమై రాలేదట. తౌకే దాని వైపు చూసి, జేబులో చెయ్యిపెట్టి ఒక టిష్యూ ప్యాకెట్టు తీశాడు. ఆ కుర్చీ ముందు, వెండంచు ప్లేటు మీద, టప్‌మని పెట్టాడు.

"చోప్," అన్నాడు. "ఇది నీకు చదవడం వచ్చు కదా? కూర్చో. మకాన్."

మకాన్ అంటే తినమని. నేను ఏప్రన్ నలుపుకుంటూ, "అయ్యో వద్దు తౌకే, నాకు ఆకలి లేదు, నేను వెనక్కెళ్ళి..." అని నసుగుతున్నాను.

గది పెద్దకుర్చీలోంచి నెల్లూరబ్బాయి గొంతు ఖంగున వినిపించింది. "ఆంటీ! ఒక్కసారి చెప్తే కూర్చోవాలని మీరే గదా చెప్పింది!"

సాబుకి మొదట దగ్గొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. కూర్చున్నాను. నా బతుకులో అలాంటి బల్ల ముందు నేను కూర్చోవడం అదే మొదలు. బల్లలు ఎన్ని తుడిచానో లెక్కలేదు, కూర్చుంటే అవి అంత ఎత్తుగా ఉంటాయని అప్పుడే తెలిసింది.

మొదట వచ్చేది యీషెంగ్. క్యారెట్టు, ముల్లంగి సన్నగా దారాల్లా కోసి, పల్లీల పొడి, పుల్లటి తీపి పాకం, మీద పచ్చి చేప. అందరూ లేచి పుల్లలతో పైకి ఎగరేస్తూ దీవెనలు అరవాలి. ఎంత ఎత్తు ఎగిరితే అంత భాగ్యం. నెమ్మదిగా తినండి, చప్పుడు చెయ్యకండి, బల్ల మీద ఒలకబొయ్యకండి అని నేర్పించిన నేను ఈ ఎగరేసే సంగతి చెప్పడం మర్చేపోయాను.

"పెద్దకుర్చీవాడు మొదలుపెట్టాలి," అన్నాడు తౌకే.

"ఏమని చెప్పాలాంటీ?" వాడి మొహం పాలిపోయింది.

నేను చైనా దీవెన ఒకటి చెప్పాను. వాడి నోట్లో అది తిరగలేదు. తౌకే కూతురికి నవ్వాగలేదు.

"నీకొచ్చిన దీవెన నువ్వు చెప్పరా. ఇవాళ నీ పుట్టినరోజు కూడాను!" అన్నాను.

వాడు గుండెల్నిండా గాలి పీల్చాడు. పుల్లలెత్తి, పెళ్ళిపందిట్లో అరిచినట్టు అరిచాడు.

"అందరూ సల్లంగుండాల!"

"హువాత్ ఆ!" అన్నాడు తౌకే. భాగ్యం పండాలని దాని అర్థం. అందరూ అందుకున్నారు.

"మూడు గోడౌన్లూ నిండుగుండాల!"

"హువాత్ ఆ!"

"ఓడలు ఒక్కటీ మునగకుండా ఉండాల! కంప్యూటర్లు ఒక్కటీ ఆగకుండా ఉండాల! నా పెండ్లాం ఏప్రిల్లో రావాల!"

నేను పక్క నుంచి ఒక్కోటీ మలాయ్‌లో చెబుతున్నాను. ఆఖరిదానికి గోడౌన్ల పెద్దాయన ఎంత గట్టిగా ఎగరేశాడంటే క్యారెట్టు దారాలు సాబు కళ్ళజోడు మీద వేలాడాయి. ఇంట్లో పిల్లల్ని గట్టిగా నవ్వనివ్వడని పేరున్న మనిషి, ఆ కళ్ళజోడుతోనే ఇంకో నాలుగుసార్లు ఎగరేశాడు. బల్లంతా ముల్లంగి. గుంటూరమ్మాయి జడలో పల్లీలు. ఇన్నేళ్ళు ఆ బల్లల్ని తుడిచినదాన్ని, మొదటిసారి తుడిచేవాళ్ళ సంగతి ఆలోచించకుండా నేనూ ఎగరేశాను.

పచ్చి చేప నెల్లూరబ్బాయి కళ్ళు మూసుకుని మింగాడు. కళ్ళు తెరిచి, "బానే ఉందే!" అని ఇంకోసారి పెట్టుకున్నాడు. తర్వాత ఆవిరి మీద ఉడికించిన పెద్ద చేప వచ్చింది. తౌకే తన పుల్లలతో చేప బుగ్గ ముక్క తీసి, లేచి, బల్ల చుట్టూ నడిచి వచ్చి వాడి ప్లేటులో పెట్టాడు. చేప మొత్తంలో అంత మెత్తటి ముక్క ఇంకోటుండదు. వాడు నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే 'తిను' అన్నాను. తిన్నాడు. తిని, రెండు వేళ్ళతో బల్ల మీద టక్‌టక్‌మని కొట్టాడు. అది టీకి కొట్టేది, చేపకి కాదు. ఎవరికీ పట్టలేదు. తౌకే కూడా తిరిగి టక్‌టక్‌మని కొట్టాడు.

భోజనం అయ్యాక వాడి చెయ్యి నీళ్ళ గ్లాసు వైపు వెళ్ళింది, చూపు కంచం వైపు. నేను గట్టిగా దగ్గాను. చెయ్యి వెనక్కెళ్ళింది.

బల్ల దగ్గర పని మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తకూడదు కూడా. లిఫ్టు దగ్గర తౌకే సాబుతో చెప్పాడు. "సోమవారం పదింటికి కాగితాలు తీసుకురా." సంతకం పడింది. ఆఫీసు ఇంకో ఆరేళ్ళు నడిచింది. నెల్లూరబ్బాయి భార్య ఏప్రిల్లో క్లెమెంటీలో దిగింది.

సోమవారం సంతకం పెట్టేటప్పుడు తౌకే అన్న మాట సాబు పాంట్రీకి వచ్చి చెప్పాడు. "పాత కంప్యూటర్‌వాళ్ళు గోడౌన్ లెక్కలో తప్పును మూడు నెలలు దాచిపెట్టారంట అమ్మా. 'మీ టీ ఆంటీ ఒక నిమిషం కూడా దాచలేకపోయింది' అన్నడు."

"ఎందుకు దాచలేను సాబ్? చదువు రాదన్న సంగతి యాభై ఏళ్ళు దాచాను కదా."

 సాబు ఆ రోజు తన కప్పు తనే కడుక్కున్నాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి, పాఠం వేళకి, నెల్లూరబ్బాయి వచ్చాడు. చేతిలో ఆ ఎనిమిది కార్డులు. హోటల్లోంచి ఏరుకొచ్చాడట, ఒకదాని మీద ఇంకా పాకం మరక ఉంది.

"ఇప్పుడు నేను అయ్యవార్ని, మీరు పిల్లకాయ. కూర్చోండాంటీ."

"నాకిప్పుడెందుకులే నాయనా, ముసల్దాన్ని..."

"ఒక్కసారి చెప్తే కూర్చోవాల."

కూర్చున్నాను. కార్డులు ఒక్కోటీ వెనక్కి తిప్పి, ఇంగ్లీషు పేరు వెనక తెలుగులో రాశాడు. రాని అల్లుడి కార్డు వెనక మాత్రం ఇంకేదో రాసి నా ముందు పెట్టాడు. చాలా పొడుగ్గా ఉంది.

"ఇదెవరు?"

"మీరే."

నా పేరు అంత పొడుగని నాకు తెలియదు. పిలిచేటప్పుడు ఎవరూ మొత్తం పిలిచేవాళ్ళు కాదు మరి. నా ఒక్కదాని పేరులోనే మూడు ఒత్తులున్నాయని వాడు చూపిస్తే, ఎందుకో చాలా గొప్పగా అనిపించింది. నేను వాడికి వేరుశెనగ గుళ్ళతో పెట్టిన తిప్పలన్నీ వాడు నాకు ఒత్తులతో తిరిగిచ్చాడు. వాడి భార్య వచ్చాక ల కీ ళ కీ తేడా ఆవిడ నేర్పింది. మళ్ళీ చైనా కొత్త సంవత్సరానికి ఎనిమిది కార్డులూ కలిపి కొట్టి, ఒక్కోటీ తీసి చదివేదాన్ని. ఇదిగో, ఇప్పుడు మీకు ఇంత రాశాను. ఎవరిచేతా రాయించుకోలేదు.

ఆ కార్డులు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. ఆ రోజు నేను పెట్టిన వరసలోనే, వంటింటి తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ దగ్గర మొదలుపెట్టి, గడియారం తిరిగే వైపు చదువుతున్నాను.

తౌకే లిమ్ గారు. మా సాబు, ఖలీల్ గారు. తౌకే కూతురు షూ లింగ్. తప్పు తన మీద పడుతున్నా నా పేరు చెప్పని సెక్రటరీ, మే. గది పెద్దకుర్చీలో నెల్లూరు సుధాకర్. వాడి పక్కన గుంటూరు పద్మజ. గోడౌన్ల పెద్దాయన రోస్లాన్. ఎనిమిదో కుర్చీలో, టిష్యూ ప్యాకెట్టు ముందు, అప్పలనర్సమ్మ.